చుక్కల గున్న

ఆదివారం మధ్యాహ్నం భోజనాలు కాగానే కళ్ళద్దాల కొట్టు షట్టరు కిందికి దిగేది. కొట్టు వెనకాల కళ్ళు పరీక్ష చేసే చీకటి గది ఒకటుంది. అందులో నలుగురు చేరి ఆట ఆడుకునేవాళ్ళు. కొట్టు డ్రైవరుగారి మరదలిది. ఆటలో కథ నడిపేది ఆమె అక్క. ముందు నడుస్తూ దారి చూసేది అక్క మొగుడు, అదే బస్సు నడిపే ఆ డ్రైవరుగారు. నాలుగోవాడు ఆయన బస్సులో కండక్టరు. ‘రైట్ రైట్’ అని అరిచీ అరిచీ వాడి అసలు పేరు వాడే మర్చిపోయాడు. అందరికీ వాడు రైట్‌రైట్.

ఆటేమీ బ్రహ్మవిద్య కాదు. బల్ల మీద రంగులేసిన అట్ట, దాని మీద కొండలు, మధ్యన ఒక కనుమ. మూడు చెక్క బొమ్మలు, రెండు పాచికలు. కనుమ దాటి అవతలి ఊరికి మందు చేర్చాలి. మరదలు వైద్యురాలు. రైట్‌రైట్ దొంగ. "చిల్లర రేపిస్తానని ఎగ్గొట్టేవాడికి వేషం వెతకక్కర్లేదు" అనేది మరదలు.

అక్క కథలో ఏ జంతువు పేరు చెబితే ఆ జంతువు చుక్కలతో సహా దిగి వచ్చి గదిలో నిలబడేది. ఒక వారం తేలు, ఒక వారం కొంగ. ఆకాశంలో ఉండే చుక్కలే. మధ్యాహ్నంపూట వాటికి మాత్రం పనేముంది? అవి వచ్చినప్పుడు కుర్చీ కాస్త జరిపి చోటిచ్చేవాళ్ళు, అంతే.

దెబ్బ తగిలిందా లేదా, మందు పనిచేసిందా లేదా అన్నది పాచికలు తేల్చేవి. చూపుకి మాత్రం పాచికలు లేవు. "ముందు ఏముంది?" అని అక్క అడిగితే దారి చూసేవాడు సొంత కళ్ళతో చూసి చెప్పాలి. కనబడకపోతే కనబడలేదనాలి. అలా అన్నందుకు పోయేదేమీ లేదు. ఒక్క వంతు ఆగాలి, పక్కవాళ్ళు చూసి చెబుతారు. ఇన్నేళ్ళ ఆటలో డ్రైవరుగారు ఆ మాట ఒక్కసారీ అనలేదు.

అనకపోవడానికి కారణం ఆయన ఒక్కడికే తెలుసు. ఏడాదిగా పొద్దు వాలితే చాలు, లోకం మీద ఎవరో గోనెపట్టా కప్పినట్టుండేది. బస్సు నడిపేది కళ్ళతో కాదు, అలవాటుతో. ఫలానా గుంత రాగానే మలుపు, ఫలానా పిండిమర చప్పుడు వినబడగానే బ్రేకు. మొన్నొకసారి రోడ్డు పక్కన ఆపి ఉన్న బండిని రాసుకుంటూ పోతే రైట్‌రైట్ కేక పెట్టాడు. "ఎదుటివాడి లైటు కళ్ళల్లో కొట్టిందిరా" అన్నాడాయన. ఎదుట ఏ బండీ రాలేదు. నిజం చెబితే స్టీరింగు లాక్కుంటారు. మీసాలు మొలిచింది మొదలు ఆ సీట్లోనే కూర్చున్న మనిషి, దిగితే ఎక్కడ కూర్చుంటాడు?

మరి డిపోవాళ్ళు ఏటా చేయించే కంటి పరీక్ష ఎలా నెగ్గాడంటే, ఆ పరీక్ష చేసేది మరదలే, అదే గదిలో. ఆట ఆడుతూ ఆడుతూ, తన వంతు వచ్చేదాకా గోడ మీది అక్షరాల అట్టని చూస్తూ కూర్చునేవాడు. కళ్ళు బాగున్న రోజుల్లోనే చివరి వరుసతో సహా కంఠతా వచ్చేసింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుంది, ఈయన కళ్ళు తెరుచుకునే తాగాడు.

ఆ ఆదివారం అక్క గొంతు తగ్గించి చెప్పింది: "కనుమలో ఏనుగు నిలబడి ఉంది."

ఏనుగు వచ్చింది. తొమ్మిది చుక్కలు, ఒక్కొక్కటీ నిమ్మకాయంత. తొండం సీలింగుకి తగిలి పక్కకి వంచుకుంది. డ్రైవరుగారికి అవి మసగ్గానైనా కనబడ్డాయి.

"ముందు ఏముంది?"

"ఏనుగు ఎడమ పక్కనుంది. కుడి పక్క దారి ఖాళీ" అని ఆయన తన బొమ్మని కుడి వైపుకి ధీమాగా జరిపాడు.

"అన్నా!" రైట్‌రైట్ కుర్చీలోంచి లేచాడు.

"బావా, ఆగు!"

బల్ల మీంచి సన్నటి కీచు వినబడింది. కుడి పక్కన, కొండ నీడలో గున్న ఏనుగొకటి పడుకుని ఉంది. నాలుగే చుక్కలు, ఆవగింజలంత. డ్రైవరుగారి చెక్కబొమ్మ దాని కాలి చుక్క మీద కూర్చుంది.

"అంత మెరుస్తున్నదాన్ని ఎలా తొక్కావన్నా? కళ్ళు డిపోలో మర్చిపోయి వచ్చావా?" అన్నాడు రైట్‌రైట్.

"చీకట్లో తొందరపడ్డాన్రా" అని నవ్వాడాయన.

వైద్యురాలి వంతు కాబట్టి మరదలు పాచికలు వేసి గున్న కాలికి మందు రాసింది. మందు పనిచేసింది. ఆట ముగిసింది, ఏనుగు వెళ్ళిపోయింది. గున్న మాత్రం కుంటుతూ డ్రైవరుగారి కుర్చీ కిందకి చేరింది. తొక్కినవాడి దగ్గరే ఓదార్పు వెతుక్కోవడం పిల్లలకి అలవాటే.

అక్క, రైట్‌రైట్ టీలకని ముందుగదిలోకి వెళ్ళారు. మరదలు లైటు వెయ్యలేదు.

"బావా, ఊరికే అడుగుతున్నా. గోడ మీద చివరి వరుస చదువు."

"ఇప్పుడెందుకే?"

"చదువు."

"ప, ర, ల, జ, ద, క" అని ఆయన తడబడకుండా చదివాడు.

మరదలు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "అట్ట అక్కడ లేదు బావా. దుమ్ము దులుపుదామని పొద్దున్నే తీసేశాను. బీరువా వెనకాల ఉంది."

ఆయన కళ్ళు నులుముకున్నాడు.

"అద్దాలు పెడితే పోతుందా?" అన్నాడు.

మరదలు చిన్న లైటు పట్టుకుని చాలాసేపు ఆయన కళ్ళల్లోకి చూసింది. "అద్దాలతో పోయేది కాదు. లోపలి నరం. పెద్దాసుపత్రికి వెళ్దాం. ఉన్నది నిలుపుతారేమో, పోయింది తేలేరు."

"మీ అక్కకి చెప్పకే. డిపోకీ చెప్పకు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"నా కాళ్ళెందుకు బావా? నీ బస్సెక్కేవాళ్ళ కాళ్ళ సంగతి చూడు. రేపు సాయంత్రం దాకా ఆగుతా. ఆలోపు నువ్వు చెప్పకపోతే నేనే చెబుతా. నువ్వే చెబితే బాగుంటుంది."

చీకటి పడ్డాక ఇంటికి నడుస్తుంటే మోకాలికి చల్లగా ఏదో తగిలింది. "గున్న మీ వెంటే వస్తోందండీ, చూసి నడవండి" అంది భార్య. "చూస్తూనే ఉన్నాగా" అన్నాడాయన.

మర్నాడు గున్న బస్సుకి కూడా వెంటే వచ్చింది, పగలంతా ఏ ఇబ్బందీ లేదు. పగటిపూట చుక్కలు ఎవరికీ కనబడవు, అందులో ఆయనా అందరితో సమానమే. పొద్దు వాలింది. ఆఖరి ట్రిప్పు. స్కూలు పిల్లలు, ఫ్యాక్టరీ ఆడవాళ్ళు, సంచులు, ఒక మేకపిల్లతో సహా బస్సు నిండింది. రైట్‌రైట్ విజిల్ వేసి "రైట్ రైట్!" అన్నాడు.

బస్సు కదల్లేదు.

డ్రైవరుగారు తలుపు తీసి, మెట్టు మీద ఒక కాలు పెట్టి, అలాగే నిలబడిపోయాడు. ఎదురుగా సీటు. నల్లగా ఉంది, అంతే. గున్న దాని మీద ముడుచుకుని పడుకుందేమో. చేత్తో తడిమాడు. చల్లగా ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. కూర్చుంటే? నిన్న విన్న కీచు చెవిలో ఇంకా తిరుగుతోంది.

"ఏంటన్నా, ముహూర్తం చూస్తున్నావా?" అంటూ రైట్‌రైట్ ముందుకొచ్చాడు.

"ఒరేయ్, సీట్లో గున్న ఉందా?"

"సీటు ఎదురుగా పెట్టుకుని నన్నడుగుతావేంటి? నీకు కనబడట్లేదూ?"

మేకపిల్ల ఒకసారి అరిచి ఊరుకుంది. డ్రైవరుగారు మెట్టు మీంచి కాలు కిందకి దించాడు.

"లేదురా. కనబడట్లేదు."



రైట్‌రైట్ ఆయన మొహంలోకి చూశాడు. ఆపి ఉన్న బండి, పెట్టిన కేక, లేని లైటు, అన్నీ వాడికి ఒక్కసారే అర్థమైనట్టున్నాయి. వంగి సీటు చూశాడు. సీట్లో ఏమీ లేదు. కిందకి దిగి చక్రాల దగ్గర కూడా చూశాడు.

"సీట్లో లేదన్నా" అన్నాడు నెమ్మదిగా. "నీ ముందు చక్రానికి ఆనుకుని నిద్రపోతోంది."

డ్రైవరుగారు బస్సు తాళంచెవి జేబులోంచి తీసి వాడి చేతిలో పెట్టాడు. "ఇంకో డ్రైవర్ని పిలువు. ఆలస్యమైనందుకు నన్ను తిట్టమను." ఎవరూ తిట్టలేదు. ఫ్యాక్టరీ ఆవిడొకతె కిటికీలోంచి తల బయటపెట్టి, "పిల్లది లేచేదాకా హారను కొట్టకండయ్యా" అంది. ఆయన వంగి, రైట్‌రైట్ వేలు చూపించిన చోట చేతులు చాచి, చల్లదనాన్ని జాగ్రత్తగా ఎత్తుకున్నాడు.

ఇప్పుడాయన పగటిపూట బస్టాండులో కుర్రడ్రైవర్లకి రూట్లు నేర్పుతాడు. ఏ గుంత తర్వాత ఏ మలుపో ఆయన చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరు. డిపోవాళ్ళు నాలుగు చీవాట్లు పెట్టే ఆ పనిచ్చారు. భార్య మూడు రోజులు మాట్లాడలేదు. మాట దాచినందుకు ఆ మాత్రం శిక్ష న్యాయమే. నాలుగో రోజు పెద్దాసుపత్రికి తనే తీసుకెళ్ళింది.

ఆదివారం మధ్యాహ్నం షట్టరు కిందికి దిగింది. ఆటలో భార్యాభర్తలు చోట్లు మార్చుకున్నారు. ఇప్పుడు దారి చూసేది ఆమె, కథ నడిపేది ఆయన. గున్న ఆయన ఒళ్ళో ఉంది. ఐదో చుక్క వచ్చిందట, మరదలు లెక్కపెట్టి చెప్పింది.

"కనుమలో చీకటి పడింది" అని మొదలుపెట్టాడాయన. "ముందు ఏముంది?"

అడిగి, ఆమె చెప్పేదాకా ఆగాడు.