సర్కస్ పులి మూల తిరిగిన వైనం

నేను ఒక సర్కస్ పోస్టరును. ఉత్త పోస్టరును కాను, నా నిండా పులి. దేవరకొండ బస్టాండు గోడకు నన్ను అంటించిన పూట అటుగా పోతున్న గేదె ఒకటి బెదిరి, సాయంత్రం పాలకు బదులు పెరుగు ఇచ్చిందట. నేను చూడలేదు, పాలాయన చెప్పాడు. ఆయన పాలలో నీళ్ళు కలుపుతాడు గాని మాటలో అబద్ధం కలపడు.

సర్కస్‌వాళ్ళు పులిని తీసుకుపోయారు, నన్ను మరిచారు. టికెట్లు అమ్మేదాకానే పోస్టరుకు మర్యాద. వానకు ఊడి వేలాడుతున్న నన్ను రూప్లా అనే లంబాడీ ముసలాయన తన తండాకు పట్టుకుపోయాడు.

ఆ ఇంట్లో అప్పుడు పెద్ద దిగులు. మనవరాలి పెళ్ళి దగ్గరపడింది. పెళ్ళికూతురి ముసుగుబట్ట మీద కోడలు చాందీ అద్దాల కుట్టు కుడుతోంది. అంచు చక్కగా నడిచింది గాని మూల దగ్గర మలుపు తిరగలేదు. ఆ మలుపు తెలిసింది రూప్లా భార్య ద్వాలీకి ఒక్కదానికే, అదీ వాళ్ళమ్మ నేర్పింది. ద్వాలీ పెళ్ళినాటి ముసుగు చూద్దామంటే మూలలన్నీ ఎలుకలు తిన్నాయి. ఆమె కళ్ళకేమో పొరలు కమ్మాయి, సూది కనబడదు.

"నోటితోని చెప్పరాదే అత్తా," అంది చాందీ.

"చేతికెరుకే గాని నోటికెరుక లేదు బిడ్డా."

అందుకని కుట్టును పెద్దగా కాగితం ముక్కలతో పేర్చి చూపిస్తానంది ద్వాలీ. కత్తెర తెచ్చి నన్ను ముక్కలు చేసింది. పులి చారలు దారాలయ్యాయి. మందుబిళ్ళల అట్టల మీది వెండిరేకు అద్దాలయింది. రూప్లా ఒక సిమెంటు సంచి కాగితాన్ని గోడకు అంటించి, "పోస్టరన్నంక గోడకే ఉండాలె," అని తీర్పు చెప్పాడు. ద్వాలీ దాని మీద మైదా జిగురుతో నన్ను అతికించసాగింది.

అంచు వచ్చింది. మూల రాలేదు. పీకింది, మళ్ళీ పెట్టింది.

"పులితోక పక్కింట్లకు పోతున్నదే," అన్నాడు రూప్లా.

"నోరు మూసుకో ముసలోడా!" అని కసిరిన ద్వాలీ గొంతు వెంటనే పడిపోయింది. "చెయ్యి గూడ మరిశిందే చాందీ. మా అమ్మ పని నాతోనే పాయె."



అప్పుడు నేను సిమెంటు కాగితంతో సహా గోడ మీంచి దూకాను. తడికి గోడమట్టి పట్టు వదిలిందని మీరంటారు, అనుకోండి. తిన్నగా ద్వాలీ ఒళ్ళో పడ్డాను. పడీపడగానే ఆమె చెయ్యి అలవాటు కొద్దీ నన్ను పక్కకు తిప్పింది, కుట్టేటప్పుడు మూల రాగానే బట్టను తిప్పినట్టు. గోడ తిరగదు కదా! తిప్పిన చెయ్యే ఒక చారను అందుకుని ఏటవాలుగా పెట్టింది, దాని మీద ఇంకోటి. మూల తిరిగింది.

"ఆగత్తా, ఆగు! మల్లొకసారి సూపియ్యి."

ద్వాలీ కాగితం తిప్పింది. చాందీ బట్ట తిప్పింది. సూది గుచ్చి లాగితే, బట్ట మీదా అదే మలుపు వచ్చింది.

"గోడకు పెట్టాలన్న మొనగాడెవడో?" అంది ద్వాలీ.

"నేను పెట్టకుంటే అది కింద పడేదా?" అన్నాడు రూప్లా.

ద్వాలీ నవ్వి, గుండెల్లో పట్టి ఉంచిన గాలినంతా ఒక్కసారిగా వదిలింది. ఆ ఊపుకు ఇంకా ఆరని నా ముక్క ఒకటి లేచి రూప్లా మీసానికి అతుక్కుంది. ఎవరూ ఆయనకు చెప్పలేదు. ఆ పులిమీసంతోనే తండా అంతా తిరిగి, మూల వచ్చిందని ఇంటింటికీ చెప్పి వచ్చాడు.