తడి ఆరని తలుపు

1949 వేసవిలో కొండాపూర్ పటేల్ లింగమూర్తి ఒక పాత నల్ల మోటారు కారు కొన్నాడు. హైదరాబాదు విడిచి వెళ్తున్న ఓ జాగీర్దారు వదిలించుకున్న కారు అది. మూడో రోజే దాన్ని మాదాపూర్ దారి మలుపులో పోచమ్మ పెరటి ముళ్లకంచెలోకి తోలాడు. తలుపు మీద మూరెడు గీత పడింది. పటేల్ దృష్టిలో తప్పు కంచెది.

మర్నాడే కొత్త అధికారి ఊరికి వస్తున్నాడు. చందానగర్ దాకా ఎదురెళ్లి ఆయన్ని కార్లో తీసుకురావాలని పటేల్ ఆశ. గీత చూసినప్పుడల్లా అన్నం సహించలేదు.

బండ్లు చేసి రంగులేసే వడ్ల ఎల్లేశం వచ్చి చూశాడు. "ముందుగాల నీళ్లు పెట్టి, గరుకు కాగితంతోని గీత అంచులు సాఫ్ చెయ్యాలె పటేలా. తడి ఆరినంక పల్చగ ఒక పూత. అది ఎండినంకనే ఇంకోటి. అయిదు దినాలన్న పడ్తది."

"ఎడ్లబండ్లకు రంగులేసెటోనివి, నాకు మోటరు సంగతి చెప్తవా? పో!"

పటేల్ తానే దీపం మసిని అవిసె నూనెలో కలిపి గీత మీద మందంగా మెత్తాడు. ఒక ఈగ వాలి అతుక్కుంది. దాన్ని గోటితో తీయబోతే పాత రంగు పెచ్చుగా లేచింది. పెచ్చు లేచిన చోట మళ్లీ మెత్తాడు. పొద్దుగూకే లోపు తలుపంతా మెత్తాడు.

భార్య సీతాబాయి వాకిట్లోకి వచ్చి చూసింది. "గీత పోయింది. తలుపు గూడ పోయింది," అని లోపలికి వెళ్లిపోయింది.

తెల్లారినా రంగు ఆరలేదు. పటేల్ పోచమ్మను పిలిపించి చేతికి వేపమండ ఇచ్చాడు. "నీ కంచె చేసిన పని ఇది. ఆరేదాంక ఈగలు తోలు." యాభై ఏళ్ల ఆ మనిషి ఎండలో నిలబడి మండ ఊపుతూనే ఉంది.

ఎదురెళ్లేవాళ్లు లేక అధికారి మధ్యాహ్నం తన జీపులోనే వచ్చాడు. కోస్తా మనిషి, తెల్ల చొక్కా.

"వెట్టి రద్దయింది కదండీ. మీ ఊళ్లో ఇంకా ఏమన్నా ఉందా?"

"ఎక్కడి వెట్టి సార్! గా దినాలు పోయినయి."

"మరి ఈవిడ ఎండలో ఏం చేస్తున్నారండీ?"

"మా ఇంటి మనిషే సార్."

పోచమ్మ మండ ఆపింది. "ఇంటి మనిషినైతే నీడకు కూసోమనవా పటేలా? పొద్దటిసంది మంచినీళ్లన్న ఇయ్యలే."

అధికారి పుస్తకం తీసి, రాసుకోవడానికి కారు తలుపుకు ఆనుకున్నాడు. చొక్కాకు మోచేయి నుంచి భుజం దాకా మసి అంటుకుంది. పటేల్ కండువాతో తుడవబోయి మసిని వీపుకు కూడా పూశాడు. అధికారి ఆయన్ని పక్కకు నెట్టాడు.

"మీ పేరు చెప్పండమ్మా."

తనతో ఎవరూ అలా మాట్లాడి ఎరగని పోచమ్మ, వెనక ఇంకెవరున్నారా అని చూసింది. ఎవరూ లేరు. అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. ఈగలతో మొదలై ఇరవై ఏళ్ల వెనక్కి వెళ్లింది. అధికారి అంతా రాసుకున్నాడు.

నెల తిరక్కుండా లింగమూర్తి పటేల్‌గిరీ పోయింది. ఆ తర్వాతే ఆయన ఎల్లేశాన్ని మళ్లీ పిలిపించాడు. ఎల్లేశం మసినంతా గీకి, అయిదు రోజులు ఓపిగ్గా పనిచేస్తే తలుపు అద్దంలా మెరిసింది.

"చూసినవా, నేను దగ్గరుండి చేయిస్తె ఎట్లొచ్చిందో!" అన్నాడు లింగమూర్తి.

ఎల్లేశం చేతులు తుడుచుకున్నాడు. "మంచిగనే వచ్చింది, లింగమూర్తన్నా," అన్నాడు.