బుల్లియ్య చోటు

ఆ ఉదయం కొవ్వూరు రేవులో మొదట బుల్లియ్య, పక్కన భార్య వీరవేణి, తరువాత తోటి జాలరి దుర్గాసాయి, చివర నేను ఉన్నాము. ఎవరు ఎక్కడ వల వేస్తారో అడగకపోవడం ఆ రేవు మర్యాద. పులస దొరికే తన చోటును బుల్లియ్య ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడక్కడ పరాయి పడవలు కిక్కిరిసి ఉన్నాయి.

“గాలివాన సంగతి చెబుతుందని యాప్ పెట్టుకున్నానండీ. నా చోటు అందరికీ చెప్పేసింది,” అన్నాడు బుల్లియ్య నాతో.

“కట్టుకున్న నాకే చెప్పని చోటు ఫోనుకి చెప్పావేంటి?” అని వీరవేణి దెప్పింది.

నేను కళ్లజోడు పెట్టుకుని ఆ యాప్ వారి ఇంగ్లీషు షరతులు చదివాను. పడవ ఆగిన చోట్లను ఇతరులకు చూపడానికి బుల్లియ్యే అనుమతి ఇచ్చాడు. యాప్ తీసేసినా, తెలిసిపోయిన చోటు మళ్లీ రహస్యం కాదు. ఆ మాటే అతనికి చెప్పాను.

“నా ఫోనూ చూపించింది, బాబాయ్,” అన్నాడు దుర్గాసాయి. “వెళ్లాను కూడా. అక్కడ నువ్వు పాతిన గెడ గుర్తుపట్టి తిరిగొచ్చేశాను.”

మిగిలిన పడవలేవీ మరలలేదు. ఈ ఏడు బుల్లియ్య వలకు పులస దక్కుతుందన్న ఆశ నాకు లేదు. అయినను, నిండు వేటకాలంలో దుర్గాసాయి వల వేయక వెనుదిరిగిన సంగతిని ఇక్కడ గౌరవపూర్వకంగా నమోదు చేస్తున్నాను.