యాదలక్ష్మి కునుకు

రిటైరైనోని బతుకు కడుపుల సల్ల కదలకుండ గడుస్తదని ఎవడన్నడో గని, వాణ్ణి దొరకబట్టి నాలుగు తగిలియ్యాలె. అంతయ్య ఆర్టీసీ బస్సు స్టీరింగు ఇడిశి ఆర్నెల్లాయె. అయినా ఫస్ట్ డ్యూటీకి లేశే అలవాటు ఇడువలే. తెల్లారకముందే కండ్లు తెరుసుకుంటయి. నడుము గుంజుతది, మోకాళ్లు సలుపుతయి. లేశి ఏంజెయ్యాల్నో మాత్రం తెల్వది.

ఆయనకంటె ముందే పెండ్లాం యాదలక్ష్మి లేశి పొయ్యి ముట్టిస్తది. "ఇంక నాకు డ్యూటీ లేదు గదనే, పండుకో" అంటే, "నాకు నిద్ర పట్టదు తియ్" అంటది.

ఆ పొద్దు అంతయ్య కర్మన్‌ఘాట్ హన్మంతుని గుడికి పోయి, ఎల్‌బీ నగర్ల ఇంటికొచ్చేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. తలుపు తీశే ఉంది. యాదలక్ష్మి గోడకు ఒరిగి కూసోనుంది. ఒళ్లె చాట, చాటల సగం తెంపిన గోంగూర. కండ్లు మూసుకున్నయి.

అంతయ్య చెప్పులు గూడ ఇడువలే. దగ్గరికి పోయి ముక్కు కాడ ఏలు వెట్టి చూశిండు. ఊపిరి ఆడుతుంది. దేవుడా! నిద్రవోతుంది, అంతే.

చాట మెల్లగ పక్కకు జరిపి, ఆమెను చాప మీదికి ఒరగవెట్టి, ఫ్యానేశిండు. అక్కన్నే కూలవడి ఆమె మొకం దిక్కు చూసుకుంట కూసున్నడు. పెండ్లైన కాడినుంచి ఈమె నిద్రవోంగ చూసినట్టే యాదికి లేదు. ఆయన డ్యూటీ ఎక్కంగ మేల్కొనే ఉండె, డ్యూటీ దిగొచ్చినా మేల్కొనే ఉండె. ఆయనకు శిగ్గనిపించింది. ఏమైనా సరే, ఇయ్యాల ఈమె నిద్ర చెడిపోవద్దనుకున్నడు.

అనుకున్నడో లేదో, గేటు కాడినుంచి గొంతు. "యాదలక్ష్మి గారూ! ఉన్నారా అండీ?"

ఎదురింటి అమ్మాజీ. భీమవరం మనిషి, గొంతు కూడా వరదగోదారే. అంతయ్య మోకాళ్ల నొప్పి మర్శి ఉరికిండు.

"అమ్మా, జర మెల్లగ! పండుకుంది."

"పగలా? యాదలక్ష్మి గారా? ఒంట్లో బాగోలేదా ఏంటండీ?"

"మంచిగనే ఉంది. నిద్రవోతుంది."

"దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి చీరలు చూద్దామనుకున్నామండీ. ఒక్కసారి లేపుతారా?"

"నేనైతే లేప" అన్నడు. మాట కటువుగ ఒచ్చింది. ఆయనే సర్దుకున్నడు. "ఏమనుకోకమ్మా. డ్యూటీల మా బదులు రిలీవర్ వొచ్చి కూసునేదాంక మేం సీటు దిగం. ఈమెకేమో ఇన్నేండ్లల్ల ఒక్కనాడు రిలీవర్ రాలే."

అమ్మాజీ సంచి మడిశి చంకల వెట్టుకుంది. "అయితే నేనూ వెళ్లి కాసేపు పడుకుంటానండీ" అని, గేటు సప్పుడుగాకుండ ఏసి పోయింది.

ఇగ వంట. కుక్కర్ పెడితే విజిల్‌కు లేస్తది. ఎట్లరా అని తల గోక్కొని, గిన్నెల పప్పేశి సన్న మంట మీద పెట్టిండు. పప్పు ఉడుకుతదా? బండరాళ్లు నయం. నిలవడి నిలవడి కాళ్లు పీకుతున్నయి. అన్నం గంజి వారుస్తుంటే చెయ్యి కాలింది. అబ్బా అనబోయి పండ్లు కొరుక్కున్నడు. ఉప్పు ఏశిన్నో లేదో యాదిమర్శి మల్ల ఏశిండు. స్టవ్ బందుజేశి, కిందనే సతికిలవడ్డడు. అయినా, లోపల్నుంచి సన్నగ గురక ఇనవడుతుంటే పానం నిమ్మలమైంది.

పొద్దు వాలినంక యాదలక్ష్మి దిగ్గున లేశింది. "అయ్యో నా బతుకు పాడుగాను! గింతసేపు పండుకుంటే లేపద్దా? నువ్వేమన్న తిన్నవా?"

"నువ్వు లేస్తే తిందామని" అని అంతయ్య రెండు పళ్లాలు పెట్టిండు.

ఆమె ఒక ముద్ద నోట్లె పెట్టుకుంది. దవడ ఆగింది. అంతయ్య కూడ తిని చూశిండు. ఉత్త ఉప్పే! "పారబోస్త తియ్" అని లేవబోయిండు.

"కూసో" అని ఆమె ఇంకో ముద్ద కలుపుకుంది. మెతుకు మిగలకుండ పళ్లెం నాకినట్టు తిన్నది. చెయ్యి కడుక్కొని, ఆయన దిక్కు చూడకుండనే అడిగింది. "రేపేం ఒండుతవ్?"

అంతయ్య మోకాళ్లు రాసుకున్నడు.

"నీకేం ఇష్టమో చెప్పు, అదే ఒండుత."

యాదలక్ష్మి చాటల మిగిలిన గోంగూర దిక్కు చూసింది. ఇన్నేండ్లల్ల ఎవ్వలూ అడగలే. తనకు ఏం ఇష్టమో ఆమెకే యాదికొస్తలేదు.