తుంటి కీలు

ఆసుపత్రిలో మంచాలు బాగుచేసేది కాబట్టి ఆమెను అందరూ మంచాలక్క అనేవారు. డాక్టర్ల దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ళ దాకా అదే పిలుపు. తల వైపు లేవనని మొండికేసిన మంచం, చక్రం ఊడిన స్ట్రెచరు, బ్రేకు పట్టని చక్రాల కుర్చీ, ఏదైనా సరే ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో ఉన్న ఆమె దగ్గరికే వచ్చేది. ఏళ్ళ తరబడి అదే పని. వంగేవీ, మడతపడేవీ, తిరిగేవీ ఆమె చేతికి బాగా అలవాటు. ఆ అలవాటే చివరికి ఇంటికి కూడా వెంటబడి వచ్చింది.

ఇంట్లో కింది గదిలో ఆమె ఒక మనిషిని చేస్తోంది. మనిషంటే మనిషెత్తు రోబో. అల్యూమినియం పలకలు రంపంతో కోసి, అంచులు ఆకురాయితో రుద్ది, మధ్యలో బేరింగులు కూర్చి, మోటార్లు బిగించి, ఒక్కో కీలూ చేసుకుంటూ వస్తోంది. మోచేతులయ్యాయి. మోకాళ్ళయ్యాయి. తల జోలికి ఇంకా పోలేదు. లేవలేని రోగుల్ని ఎత్తే స్టాండు ఒకటి ఆసుపత్రివాళ్ళు పారేస్తే తెచ్చుకుని, దానికి పట్టీలతో ఈ మొండేన్ని వేలాడదీసింది.

"ఇది ఏం చేస్తుంది?" అని అడిగేవారు ఇరుగుపొరుగు.

"కుర్చీలోంచి లేచి నిలబడుతుంది."

"నిలబడి?"

"నిలబడుతుంది. అంతే."

అడిగినవాళ్ళు ఆమె భర్త వంక జాలిగా చూసి వెళ్ళిపోయేవారు. అతను ప్రెస్సులో కాగితం కోసే మిషను మీద పనిచేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. "తన సరదా తనది" అనేసి ఊరుకునేవాడు.

సరదా అనడానికి మాత్రం అందులో సరదా మిగల్లేదు. తుంటి దగ్గర పని ఆగిపోయి చాలా కాలమైంది. మోకాలు ఒక్క వైపే వంగుతుంది, దాంతో పేచీ లేదు. తుంటి అలా కాదు. ముందుకూ వెనక్కూ ఊగాలి, పక్కకు జరగాలి, లోపలికీ బయటికీ తిరగాలి, పైనున్న బరువంతా మొయ్యాలి. ఆమె చేసిన ప్రతి తుంటిలోనూ ఎక్కడో ఓ చోట లూజు మిగిలిపోయేది. అక్కడ వెంట్రుకవాసి లూజుంటే పాదం దగ్గరికొచ్చేసరికి వేలెడంత అవుతుంది. కుర్చీలోంచి లేపబోతే కాళ్ళు తాగినవాడి కాళ్ళలా చెరో పక్కకూ పోయేవి. మళ్ళీ విప్పడం, మళ్ళీ చేయడం. ఈమధ్య ఆ గది తలుపు తీసేటప్పుడే ఆమెకు ఉసూరుమనేది. మానేద్దామంటే, మానేయడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

సరిగ్గా అప్పుడే అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది.

ఆపరేషను చేసి లోపల లోహపు కీలు వేశారు. ఇక ఇంట్లో ఎక్కడ పడుకోబెట్టాలన్న ప్రశ్న వచ్చింది. పెద్దావిడ మెట్లెక్కలేదు. కింద ఉన్నది ఒక్క గదే, బాత్రూమూ దాన్ని ఆనుకునే ఉంది. అంటే మంచాలక్క పనిచేసుకునే గది. డ్రిల్లింగ్ మిషను వంటగట్టు కిందికీ, సామాను డబ్బాలు మెట్ల కిందికీ పోయాయి. పలకల్ని కదలకుండా పట్టే వైసు ఉన్న బల్లను గోడకు బిగించేశారు కాబట్టి అది కదల్లేదు. స్టాండూ, దానికి వేలాడే మొండెమూ విప్పితే తప్ప గుమ్మంలో పట్టవు. వాటిని మూలకు నెట్టి, భర్త పైన ఒక తెల్ల దుప్పటి కప్పాడు.

అత్తగారు మంచం మీద సర్దుకుని, గది నాలుగు వైపులా చూసి, "ఆ దుప్పటి తియ్యరా. శవాన్ని పక్కన పెట్టినట్టుంది" అంది.

"తీస్తే ఇంకా భయంగా ఉంటుందమ్మా. దానికి తలకాయ లేదు."

"ఈ ఇంట్లో తలకాయ ఉన్నవాళ్ళెవరున్నార్లే. తియ్యి."

ఆ రోజు నుంచి అత్తగారి నోట దాని పేరు మొండెంగాడు.

మంచాలక్క బతుకు గడియారం ముల్లయిపోయింది. లేవగానే అత్తగారిని బాత్రూముకు తీసుకెళ్ళడం, స్నానం, మందులు. ఆ తర్వాత షెడ్డులో మంచాలు. సాయంత్రం ఇల్లు చేరితే మళ్ళీ అత్తగారు. వ్యాయామాలు నేర్పడానికి వచ్చే అమ్మాయి, "నడిపించండి, మంచానికే వదిలేస్తే కండ కరిగిపోతుంది" అని చెప్పి వెళ్ళేది. అత్తగారేమో వాకరు పట్టుకుని నాలుగడుగులేసి కూలబడేది.

"ఇంకొంచెం, అత్తయ్యా. తలుపు దాకా."

"తలుపు దగ్గర ఏముంది?"

"ఏమీ లేదు."

"ఏమీ లేనిదానికి అంత దూరం ఎందుకూ?"

కొడుకు భోజనం తెచ్చిపెడితే తినేది, కాళ్ళు ఒత్తితే ఒత్తించుకునేది. బాత్రూము దగ్గరికొచ్చేసరికి మాత్రం "నువ్వు అవతలికి పో, కోడల్ని పిలువు" అనేది. ఎంత కన్నకొడుకైనా మగపిల్లాడు, ఆమెకు సిగ్గు. మంచాలక్కకు అది అర్థమయ్యేది. అర్థమైనంత మాత్రాన నడుం నొప్పి తగ్గదు.

అన్నీ అయ్యాక, ఇంకా వెలుతురుంటే కాసేపు బల్ల దగ్గర నిలబడేది. ఆకురాయి కిర్రుమనగానే మంచం మీంచి మూలుగు వినిపించేది.

"అమ్మాయ్, నా పళ్ళు పులిసిపోతున్నాయి."

"ఒక్క అంచు ఉంది, అత్తయ్యా."

"నిన్న కూడా ఒక్క అంచే ఉంది."

నిజమే. నిన్న కూడా ఒక్క అంచే ఉంది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఆమె కుడి తుంటిని విప్పి బల్ల మీద పెట్టుకుంది. బేరింగు కూర్చునే రంధ్రం అరిగి పెద్దదైంది. బేరింగు అందులో బిగువు లేకుండా దొర్లుతోంది. అంటే పలక కోయడం దగ్గర్నుంచి మళ్ళీ మొదలు. దాన్ని చేత్తో పట్టుకుని చూస్తూ ఉండగానే అత్తగారు మంచినీళ్ళు అడిగింది. ఇచ్చింది. దిండు సరిచెయ్యమంది. చేసింది. ఫ్యాను తగ్గించమంది. తగ్గించింది. కాసేపటికి పెంచమంది. పెంచి, వంటగదిలోకి వెళ్ళి, కుర్చీలో కూర్చుని గట్టు మీద తల వాల్చింది. ఎప్పుడు కన్నంటుకుందో ఆమెకే తెలియదు.

దభేలుమన్న చప్పుడుకు మెలకువ వచ్చింది. పరిగెత్తింది.

అత్తగారు నేల మీద కూర్చుని ఉంది. వాకరు మంచానికి అటు పక్కనే ఉండిపోయింది. ఆమె చేతిలో మొండెంగాడి ముంజేయి ఉంది, ఇంకా గట్టిగా పట్టుకునే ఉంది. తనంతట తానే బాత్రూముకు పోదామని మంచం దిగి, చేతికందింది కదా అని దాన్ని పట్టుకుని లేచిందట. కరెంటు లేని మోచేతికి బిగువెక్కడిది? బరువు పడగానే సాగిపోయింది. దాంతో పాటు ఆమె కూడా మెల్లగా కిందికి జారింది. చప్పుడు చేసింది ఆమె కాదు, ఒరిగి గోడకు కొట్టుకున్న స్టాండు.

"నన్నొక్క పిలుపు పిలవొచ్చుగా, అత్తయ్యా!"

అత్తగారి బట్టలు తడిసిపోయాయి. మొహం గోడ వైపు తిప్పుకుంది.

ఎక్స్‌రే తీశారు. లోపలి కీలు తప్పలేదు. మోచేతి దగ్గర కాస్త కమిలింది, అంతే. ఇల్లు చేరాక భర్త తల్లిని మంచం మీద పడుకోబెట్టి, వంటగదిలోకి వచ్చి అన్నాడు.

"దాన్ని ఆ గదిలోంచి తీసెయ్. ఇక చాలు."

అతను తనతో అంత గట్టిగా మాట్లాడటం ఆమె ఎరగదు. అనడానికి మాటలు లేక కాదు. అమ్మకు వాకరు అందేలా పెట్టాల్సింది ఎవరు, ఇవాళ పొద్దుటి నుంచీ మీరెక్కడున్నారు, ఇవన్నీ అడగొచ్చు. ఒక్కటీ నోటి దాకా రాలేదు.

"సరే" అంది.

మర్నాడు సెలవు పెట్టి విప్పడానికి కూర్చుంది. భుజాలు, మోచేతులు, మోకాళ్ళు. మరలు ఒక డబ్బాలో వేసింది. బేరింగుల్ని నూనె గుడ్డలో చుట్టి మరో డబ్బాలో పెట్టింది. ఏడుపొస్తుందనుకుంది. రాలేదు సరికదా, ఒక్కో మర ఊడుతుంటే వీపు మీంచి బస్తా దించుకున్నట్టు హాయిగా ఉంది. ఇన్నేళ్ళ కష్టం చేతులారా విప్పుకుంటుంటే ఈ హాయేమిటని సిగ్గేసింది. సిగ్గేసినా హాయిగానే ఉంది.

మంచం మీంచి అత్తగారు చూస్తూనే ఉంది. ఎడమ మోకాలు డబ్బాలోకి పోతుండగా, "నన్ను పడేసింది వాడు కాదు" అంది.

"పోన్లెండి, అత్తయ్యా. ఎలాగూ అడ్డమే."

"చెప్పేది విను. నిన్ను పిలుద్దామనే నోరు తెరిచా. అంతకుముందు ఫ్యాను పెంచి వెళ్ళేటప్పుడు నీ మొహం చూశా. ఇంకొక్కసారి పిలిస్తే ఈ పిల్ల ఏడ్చేస్తుంది అనిపించింది. నోరు మూసుకున్నా."

మంచాలక్క చేతిలో స్పానరు ఉన్నది ఉన్నట్టే ఆగింది. అబ్బే, అదేం లేదు అనాలి. అనడం మర్యాద. ఆ మర్యాదకు కూడా బలం చాల్లేదు.

"ఏడ్చేదాన్నే, అత్తయ్యా."

"తగ్గించమని, మళ్ళీ పెంచమన్నా కదూ."

"అన్నారు."

"చలేసింది. తర్వాత ఉక్కపోసింది. నేనేం చెయ్యను?"

ఎందుకో ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే మంచాలక్క కళ్ళ వెంట నీళ్ళు మొదలయ్యాయి, ఇక ఆగలేదు. మరలున్న డబ్బాల మధ్య నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. అత్తగారు ఊరుకోమనలేదు. తన తువ్వాలు తీసి ఆమె ఒళ్ళోకి విసిరింది.

సాయంత్రం కొడుకు పని నుంచి రాగానే పిలిచింది.

"ఒరేయ్, నన్ను బాత్రూముకు తీసుకెళ్ళు."

అతను కంగారుగా భార్య వైపు చూశాడు. "తను ఇంట్లోనే ఉంది కదమ్మా."

"తనకి పనుంది."

"ఏం పని?"

"పడుకునే పని. రా, పట్టుకో. అక్కడ కాదు, చంక కింద. నువ్వు బడికి పోయేదాకా నీవన్నీ ఎవరు కడిగారనుకుంటున్నావు?"

కొడుకు చెవులు ఎర్రబడ్డాయి. తల్లి తలొంచుకుని, వాకరు మీద బరువేసి, అడుగులో అడుగేస్తూ కదిలింది. తలుపు అవతల నుంచి ఇద్దరి కేకలూ వినిపించాయి.

"కళ్ళు మూసుకోరా!"

"మూసుకుంటే నిన్నెలా పట్టుకోనమ్మా!"

మంచాలక్క లేవబోయి ఆగింది. తర్వాత మెట్లెక్కి పైకెళ్ళి పడుకుంది.

అతను పని నేర్చుకున్నాడు. గొప్పగా ఏమీ కాదు. సగం నీళ్ళు నేల మీదే పోసేవాడు. పొద్దుటి మందు సాయంత్రం వేయబోయి తిట్లు తినేవాడు. తల్లి సిగ్గు కూడా ఒక్కరోజులో పోలేదు, కొన్నాళ్ళు కొడుకు మొహం చూడకుండానే పనులు కానిచ్చుకుంది. ఒకనాడు భోజనాల దగ్గర అతను, "ఆ రోజు నీ మీద అరిచాను" అన్నాడు.

"అరిచారు."

"భయమేసిందే."

"నాకూ వేసింది."

ఆ సంగతి అక్కడితో సరి.

డబ్బాలు అత్తగారి మంచం కింద పడి ఉన్నాయి. వాటి మీదికి మంచాలక్క మనసు పోలేదు. షెడ్డు నుంచి వచ్చి పడుకునేది. నిద్రపోయిన కొద్దీ ఇంకా నిద్రొచ్చేది, ఒళ్ళు ఎన్నాళ్ళ బాకీయో తీర్చుకుంటున్నట్టు. ఈలోగా అత్తగారు తలుపు దాకా, ఆ తర్వాత వంటగది దాకా నడిచింది. అక్కడ ఏమీ లేదని ఎవరూ అనలేరు, బిస్కెట్ల డబ్బా ఉంటుంది.

ఒకరోజు షెడ్డుకు ఒక పాతకాలపు మంచం వచ్చింది. వీపు భాగం లేవడం లేదు. విప్పి చూస్తే తుప్పు తప్ప వేరే జబ్బేమీ లేదు. తుప్పు గీకి, గ్రీజు పెట్టి, లేపి దించి చూసింది. ఇన్నేళ్ళ మంచానికి ఇసుమంతైనా లూజు లేదు. కారణం కళ్ళెదుటే ఉంది. ఇరుసును పట్టుకునే రెండు బుష్షులూ ఒకదానికొకటి బాగా ఎడంగా, ఈ చివరొకటీ ఆ చివరొకటీ ఉన్నాయి. తన తుంటిలో బేరింగులు రెండూ పక్కపక్కనే అతుక్కుని ఉంటాయి, చోటు కలిసొస్తుందని. ఇరుసు ఊగక ఏం చేస్తుంది? ఇలాంటి మంచాలు లెక్కలేనన్ని బాగుచేసింది. ఎగిరి గంతెయ్యాల్సిన సమయమే. ఆమెకు మాత్రం "ఇప్పుడా తెలిసేది" అనిపించింది. గ్రీజు చేతులు తుడుచుకుని, ఆ మంచం మీదే కాసేపు కూర్చుంది.

తొందరపడలేదు. ఓపికున్న సాయంత్రం కోసింది, లేని సాయంత్రం పడుకుంది. కొత్త పలకలు ఎడంగా పెట్టింది, మధ్య ఇరుసు పొడుగ్గా వేసింది, చివర మర బిగించి రెండు బేరింగుల్నీ ఒకదాని వైపు ఒకదాన్ని నొక్కింది. అత్తగారు చెవుల్లో దూది పెట్టుకుని గోడకానుకుని చూస్తూ ఉండేది. భర్త ఒకసారి గుమ్మంలో ఆగి, బల్ల వంక చూసి వెళ్ళిపోయాడు. మర్నాడు పాత ఆకురాయి పక్కన కొత్తది కనిపించింది.

పూర్తయిన రోజున తుంటిని వైసులో బిగించి, కాలంత పొడవు కడ్డీ తగిలించి, దానికి నీళ్ళ డబ్బా వేలాడదీసింది. కడ్డీ కొసను వేలితో ఇటు తోసింది. అటు తోసింది. కదల్లేదు. నమ్మకం కుదరక అరచేత్తో గట్టిగా తోసింది. డబ్బాలో నీళ్ళు తొణికాయి గానీ కడ్డీ కొస ఉన్నచోటే ఉంది.

అత్తగారు చెవుల్లోంచి దూది తీసింది. "అయిందా?"

"ఒకటి అయింది. ఎడమ తుంటి ఉంది ఇంకా."

"అమ్మో."

"అమ్మోనే, అత్తయ్యా."

"ఈసారి నిలబడతాడంటావా?"

"తెలీదు."

మంచాలక్క దీపం ఆర్పలేదు, బల్ల సర్దలేదు. గదిలో కూర్చోవడానికి వేరే చోటు లేక వచ్చి మంచం అంచున కూర్చుంది. తర్వాత అలాగే వెనక్కి వాలింది.

"కాస్త జరగండి, అత్తయ్యా."

"జరిగే తుంటేనా ఇది" అంటూనే ఆవిడ మెల్లగా జరిగి చోటిచ్చింది.