పక్కతొట్టిలో రుబ్బురోలు

కంకిపాడు దగ్గర బందరు కాలువ వారనున్న ఆ నేతవీధిలో సాంబమూర్తి అంతటి మొండివాడు లేడని అందరూ ఒప్పుకుంటారు. ఒప్పుకోనిది సాంబమూర్తి ఒక్కడే. తనది మొండితనం కాదట, మాటమీద నిలబడటమట.

ఎనిమిదేళ్ళ కిందట ఆయన చెల్లెలు రావమ్మకు భర్త పోయాడు. పిల్లలు లేరు. కర్మకాండ ముగిసిన రోజునే సాంబమూర్తి నలుగురి ముందూ, మగ్గం అమ్మేసి నా యింటికొచ్చెయ్ అన్నాడు. మనసులో ఉన్నది ప్రేమే, కాదనను. నోట్లోంచి వచ్చేసరికి అది హుకుం అయింది. రావమ్మ కూడా ఆ తండ్రి కడుపున పుట్టిందే. "నా మగ్గం నాకుంది అన్నయ్యా, నా చేతులు నాకున్నాయి" అంది. "అయితే నేను పిలిచేదాకా నా గడప తొక్కమాక" అనేసి పడవెక్కాడు. అనడానికి క్షణం చాలింది. పిలవడానికి ఎనిమిదేళ్ళయినా నోరు రాలేదు.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, వైశాఖంలో ఆయన భార్య హనుమాయమ్మ జ్వరంతో పోయింది. కాలువలకు నీళ్ళు కట్టేసిన రోజులు. పడవలు లేవు. బందరు ఇవతలి పల్లెలో ఉన్న రావమ్మకు ఎవరి చేతన్నా కబురు పంపాలి. పంపలేదు. ఆ నోటా ఈ నోటా తెలిసి తనే వస్తుందిలే అనుకున్నాడు. ఆషాఢంలో కాలువకు నీళ్ళు వదిలారు, పడవలు తిరిగాయి, రావమ్మ రాలేదు. వదిన చచ్చిపోతే కూడా రాని మనిషి ఇక నాకేమవుతుంది అని ఆయన బాధపడ్డాడు. ఆవిడకు అసలు తెలియదేమోనన్న సంగతి ఆ బుర్రకు తట్టలేదు.

నేతపని ఒంటిచేత్తో అయ్యేది కాదు. నేసేవాడు మగ్గం గుంటలో కూచుంటే, కండెలకు నూలు చుట్టే చేయి ఒకటి ఇంట్లో ఉండాలి. ఆ చేయి పోయింది. సగం నేసిన చీర మగ్గం మీదే దుమ్ముకొట్టుకుపోయింది. పొద్దున్నే లేచి గుంటలో కాళ్ళు పెట్టుకుని ఊరికే కూచునేవాడు. అన్నం వండుకుంటే రెండు పూటలకు సరిపోయేది, మాట్లాడాలంటే మాత్రం ఒక్క మనిషీ లేడు. పక్కింటి బుల్లెమ్మ గోడ మీదుగా పలకరిస్తే "ఊఁ" అనేవాడు. ఆ ఊఁ కాస్తా అయిపోయాక ఇల్లు ఇంకా పెద్దదయినట్టుండేది.

ఒకరోజు పాత కోకల కోసం హనుమాయమ్మ పెట్టె తీశాడు. అడుగున కొత్త చీరలు. ఆ నేతవాళ్ళలో, మగ్గానికి కొత్తగా బిగించిన నిలువుపోగుల పడుగు మీద నేసి కోసిన మొదటి చీర ఆడపడుచుకు పెట్టే ఆనవాయితీ ఉంది. తగువు పడ్డాక అది మానేశామనే సాంబమూర్తి అనుకున్నాడు. హనుమాయమ్మ మానలేదు. ఏడాదికొకటి చొప్పున ఎత్తిపెట్టి, మడతల్లో వేపాకు వేసి దాచింది. మొగుడికి చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆవిడకు తెలుసు.

ఆ చీరలు ఒళ్ళో పెట్టుకుని సాంబమూర్తి ఏడ్చాడు. అవి రావమ్మకు చేర్చాలి, దాన్ని ఇంటికి పిలవాలి. ఇంకేమీ అక్కర్లేదు ఆయనకు. కానీ పడవెక్కి, మూట చంకన పెట్టుకుని, తగ్గినవాడిలా వెళ్ళి నిలబడటమా? దారిన పోతూ పోతూ ఆగినట్టు ఉండాలి. సముద్రం చూడ్డానికి పోతున్నా, మీ ఊరు దారిలో తగిలింది, ఇదుగో నీ చీరలు అన్నట్టు ఉండాలి.

అందుకని ఆయన మోటారు సైకిలు కొన్నాడు. నవ్వకండి. గన్నవరం విమానాల మైదానంలో పటాలం వాళ్ళు వదిలేసిన ఇనప సామాను వేలం వేస్తుంటే, పక్కన తొట్టి ఉన్న ఆ పాత బండి ఎవరికీ అక్కర్లేక మిగిలింది. ఎడ్లబండి మీద ఇంటికి తెచ్చాడు. వీధంతా తిరనాళ్ళకు వచ్చినట్టు వచ్చి చూసింది. బెజవాడ లారీ షెడ్డులో పనిచేసే బసవయ్య, పటాలంలో డ్రైవరుగా చేసినవాడు, ఆదివారాలు వచ్చి పని నేర్పాడు. తుప్పు గోకడం, గొట్టాలు కడగడం, తెగిన తీగలు మార్చడం సాంబమూర్తికి తొందరగానే పట్టుబడ్డాయి. పోగులతో వేగిన వేళ్ళు కదా. ఒక్క గొలుసు దగ్గరే వచ్చింది చిక్కు.

"రెండు వేళ్ళంత వదులుండాలి బాబాయ్" అనేవాడు బసవయ్య.

"వదులుంటే జారిపోదూ? పడుగు ఎంత బిగువైతే నేత అంత బాగుంటది."

"ఇది పడుగు కాదండీ. గతుకుల్లో చక్రం పైకీ కిందకీ ఆడతది. బిగిస్తే తెగుతది."

సరేననేవాడు. బసవయ్య అటు వెళ్ళగానే ఇటు మళ్ళీ బిగించేవాడు. నలభై ఏళ్ళు బిగువును నమ్ముకుని బతికిన మనిషి, ఎవరో చెబితే వదులు చేస్తాడా?

ఇంకో చిక్కు తొట్టి. అది ఖాళీగా ఉంటే, ఎడమపక్కకు తిప్పినప్పుడల్లా గాల్లోకి లేచి బండిని బోర్లా వేయబోయేది. "తొట్టిలో మనిషన్నా ఉండాలి, బరువన్నా ఉండాలి" అన్నాడు బసవయ్య. మనిషి ఎక్కడుంది? దొడ్లో హనుమాయమ్మ రుబ్బురోలు వైశాఖం నుంచీ పనిలేకుండా పడుంది. ఇద్దరూ పట్టి దాన్ని తొట్టిలోకి ఎక్కించారు. బండి బుద్ధిగా నడిచింది. ఆ రోజు సాంబమూర్తి అన్నం తినలేకపోయాడు.

కార్తికం వెళ్ళాక ఒకనాడు తెల్లవారుతుండగా బయల్దేరాడు. చీరల మూట రోలు పక్కన కట్టుకున్నాడు. ఇంటికి తాళం వేస్తుంటే బుల్లెమ్మ అడిగింది, "ఎక్కడికండీ ఇంత పొద్దున్నే?"

"సముద్రం చూడ్డానికి. దేశం తిరిగి నాలుగు రోజులకొస్తా."

చెల్లెలి దగ్గరికి అని ఒక్క ముక్క అంటే ఏం పోయింది? ఏమీ పోదు. అయినా అనలేదు.

కాలువ గట్టు మీద బండి ఫటఫటమంటూ సాగింది. అటూ ఇటూ కోతకొచ్చిన చేలు, మంచు. కాసేపటికి ఎదురుగా పడవొకటి బెజవాడ వైపు వస్తోంది. ఎదురు నీరు కాబట్టి మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగుతున్నారు. ఆ తాడు దారికి అడ్డంగా ఉంది. సాంబమూర్తి దర్జాగా హారన్ కొట్టాడు. వాళ్ళు తిట్టుకుంటూ తాడు నేలమీదికి వదిలారు. దాని మీదుగా దాటేటప్పుడు ఆయన చూపంతా ముందు చక్రం మీదే ఉంది. పడవలో ఆడవాళ్ళు దుమ్ముకు ముసుగులు లాక్కోవడం కంటి చివర కనబడింది. తనని చూసి ఆశ్చర్యపోయారనుకుని ఛాతీ కాస్త పొంగించాడు కూడా.

రావమ్మ ఊరు చేరేసరికి పొద్దెక్కింది. ఆవిడ ఇంటికి తాళం. ఎదురింటి పాండురంగయ్య మగ్గం దిగి వచ్చాడు.

"నువ్వా సాంబమూర్తీ! అయ్యో, రావమ్మ నీ దగ్గరికే వచ్చింది కదయ్యా. నిన్న నూలు పడవ వాడెవడో చెప్పాడు మీ హనుమాయమ్మ పోయిందని. అప్పటిదాకా తెలీదు పాపం. ఒకటే ఏడుపు. పిలవకపోతే పిలవకపోయాడు, నేనే పోతానని రాత్రి పడవెక్కింది."

రాత్రి పడవ. సాంబమూర్తికి అప్పుడు తట్టింది. తను దుమ్ము కొట్టి వచ్చిన పడవ అదే. హారన్ మోగించి, మొహం తిప్పకుండా, చెల్లెలి ముందునుంచే వచ్చేశాడు. అది తనని చూడకుండా ఉంటుందా? చూసే ఉంటుంది. ఇంటికెళితే తాళం. బుల్లెమ్మని అడిగితే సముద్రం అంటుంది.

మంచినీళ్ళన్నా తాగమని పాండురంగయ్య బతిమాలుతున్నా వినకుండా బండి తిప్పాడు. గతుకులకు గొలుసు కొంచెం సాగినట్టు కనిపిస్తే, తొందరలో ఇంకాస్త బిగించాడు. బిగువుగా ఉంటే వేగంగా పోతుందని ఆయన లెక్క. సగం దారి దాటాక పెద్ద గుంట ఒకటి తగిలి గొలుసు పుటుక్కున తెగింది. ఒక ముక్క కాలువలో పడింది.

ఎండ, గట్టు, నీళ్ళ మీద కొంగలు. కేకేస్తే పలికే మనిషి కనబడలేదు. సాంబమూర్తి బండిని తోయడం మొదలుపెట్టాడు. రోలు దింపి పడేస్తే తోపు తేలికవుతుంది. దింపడానికి రెండుసార్లు చేయి వేశాడు, మనసొప్పలేదు. దాన్నీ తోసుకుంటూనే నడిచాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఎదురొచ్చిన ప్రతి పడవ దగ్గరా ఆగి, గట్టు అంచుకు వెళ్ళి, లోపల కూచున్న ఒక్కొక్క మొహం వెతికాడు. పొద్దుట చూడని చూపంతా ఇప్పుడు చూశాడు.

వాళ్ళ ఊరికి దిగువన, పడవల్ని ఎత్తుకీ పల్లానికీ దాటించే లాకుల దగ్గరికి వచ్చేసరికి ఎండ తగ్గింది. కిందికి పోయే పడవ ఒకటి రెండు తలుపుల మధ్య ఆగి ఉంది. లాకు మనిషి నీళ్ళు వదులుతున్నాడు. పడవ మెల్లగా కిందికి దిగుతోంది. చివర, తెల్లకోక ముసుగేసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రావమ్మ కూచునుంది. జుట్టు నెరిసింది. అమ్మ మొహం వచ్చేసింది దానికి.

"రావమ్మా!"

ఆవిడ తలెత్తింది. "చూశావా సముద్రం?" అంది.

సాంబమూర్తి లాకు గోడ అంచున కూలబడ్డాడు. "నీ యింటికే వెళ్ళానే. ఒట్టు."

"పొద్దున హారన్ కొట్టి తాడు దించమన్నావు. నే లేచి నిలబడ్డా అన్నయ్యా. మొహం తిప్పుకుపోయావు."

"చక్రం వంక చూస్తున్నా. పడవ వంక చూళ్ళేదు."

"మీ అరుగు మీద మధ్యాహ్నం దాకా కూచున్నా. వదిన నేతిచెంబు కిటికీలోనే ఉంది" అంది.

పడవ ఇంకా దిగింది. ఇందాక చేయి చాపితే అందేటట్టున్న మనిషి ఇప్పుడు నిలువెత్తు కిందికి పోయింది. అవతలి తలుపు తీస్తే అంతే, సాగిపోతుంది. ఆవిడ దేనికోసం చూస్తోందో సాంబమూర్తికి తెలుసు. ఒక్క మాట. నోరు తెరిచాడు. "గొలుసు తెగిపోయిందే, బందరు నుంచి వచ్చే దార్లో ఆ గుంట ఉంది చూడు..." అన్నాడు. ఛీ, ఇదా చెప్పేది! రావమ్మ తల దించుకుంది. లాకు మనిషి తలుపు చక్రం తిప్పడానికి చేతులేశాడు.

"రావమ్మా, దిగవే" అన్నాడు సాంబమూర్తి. "ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నా. ఉండలేకపోతున్నా. ఇంటికి రా, అమ్మా."

పడవలో వాళ్ళంతా ఇద్దరి వంకా చూస్తున్నారు. చూడనీ. జీవితంలో మొదటిసారి నలుగురి ముందూ అడిగాడు, ఆజ్ఞాపించలేదు. తలుపు తెరుచుకుంది, పడవ కదిలి బయటికి పోయింది. సాంబమూర్తి గోడ మీదే ఉండిపోయాడు. లేచి చూసే ధైర్యం లేకపోయింది.

కాసేపటికి గట్టు మెట్ల మీద అడుగుల చప్పుడయింది. పడవ ఆపించి దిగి, కోక కుచ్చెళ్ళు తడుపుకుని, సంచి చంకన పెట్టుకుని రావమ్మ పైకి వస్తోంది. అన్న దగ్గర ఆగలేదు. తిన్నగా బండి దగ్గరికి వెళ్ళి తొట్టిలోకి చూసింది.

"ఇది వదిన రోలు కదూ?"

"బరువుకి పెట్టా. ఖాళీగా ఉంటే బండి నిలబడదు."

రావమ్మ వంగి రోటి గుంటలో చేయి పెట్టింది. హనుమాయమ్మ చేతికి అరిగి అరిగి నున్నగా ఉంది అది. ఆ చేయి తీయకుండా అక్కడే నిలబడి వదిన కోసం ఏడ్చింది. సాంబమూర్తి పక్కన నిలబడి ఏడ్చాడు. ఆర్నెల్లకు ఇద్దరై ఏడ్చారు.

తర్వాత ఆయన హ్యాండిల్ పట్టుకున్నాడు, ఆవిడ వెనక చేయి వేసింది. తొట్టిలో కూచోమంటే వినలేదు. పొద్దువాలుతున్న గట్టు మీద బండి కదిలింది. చీరల సంగతి ఎలా మొదలుపెట్టాలా అని ఆయన అనుకుంటూ ఉంటే, వెనక నుంచి రావమ్మ అడిగింది.

"ఇంట్లో మినప్పప్పు ఉందా అన్నయ్యా?"

"లేదే."

"దార్లో కొట్టు దగ్గర ఆపు. ఇవాళ నానబోస్తా."