గంటకో సంతకం

రాజలింగం పది గంటల సంతకం పెట్టి, పక్కన ఎప్పుడూ రాసే రెండు మాటలు రాశాడు: అంతా క్షేమం. యూనివర్సిటీ పరీక్ష పేపర్లు దాచిన గది ముందు కుర్చీలో కూర్చోవడం, గంటకోసారి రిజిస్టర్‌లో ఆ మాటలు రాయడం, పంతొమ్మిదేళ్లుగా ఇదే ఉద్యోగం. కుర్చీ వదిలితే ఉద్యోగం పోయినట్టే. పోయినేడు టీ తాగడానికి వెళ్లిన గార్డు కృష్ణ మళ్లీ క్యాంపస్‌లో కనిపించలేదు.

పెన్ను జేబులో పెట్టుకుంటుంటే బూట్ల మీది బరువు లేచింది. షేరు. ఎప్పుడో వానకు తడిసి ఈ వరండా ఎక్కిన ఎర్రకుక్క. కుర్చీ కింద అతని బూట్ల మీద గడ్డం ఆనించి పడుకోవడమే దాని డ్యూటీ. రెండడుగులు వేసి కక్కబోయింది. తెల్లటి నురగ తప్ప ఏమీ రాలేదు. కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చోబోయి కూర్చోలేకపోయింది.

వరండా ఊడుస్తున్న వనజ చీపురు ఆపింది.

"రాత్రి హాస్టల్ల బిర్యానీ గదా అన్నా, మస్తు తిన్నట్టున్నది. జర మజ్జిగ పొయ్యి, తగ్గుతది."

"వద్దు చెల్లే."

కుక్క ఎడమ డొక్క మీద వేళ్లతో కొట్టి చూశాడు. డప్పులా మోగింది. పెదవి ఎత్తాడు. గులాబీరంగులో ఉండాల్సిన చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. చిన్నప్పుడు ఇంట్లో బర్రె ఇలాగే ఉబ్బి పూట గడవకముందే చచ్చిపోయింది. అతనికి తెలిసిపోయింది. తెలియకపోయినా బాగుండేది!

"ఇది అరగక కాదు. ఇప్పుడే దవఖానకు తీస్కపోవాలె."

"నేను తీస్కపోనా?"

"నన్ను తప్ప ఎవర్నీ ముట్టనియ్యదు గదనే."

సూపరింటెండెంట్ వెంకటసుబ్బారావుకు ఫోన్ చేశాడు. గుంటూరు మనిషి, మెత్తని మాట. "కుక్కకి బాలేదని గది వదిలేస్తావా ఏంటయ్యా? ఇంకో గార్డుని పంపిస్తాలే. కాస్త ఓపిక పట్టు."

పదకొండు. అంతా క్షేమం. షేరు గోడకు తల ఆనించి నిలబడి రొప్పుతోంది. పొట్ట ఇంకా ఉబ్బింది. తార్నాకలో డాక్టరమ్మ ఉంది, ఆటోలో పది నిమిషాలు. వరండాకు ఉన్నవి మూడు మెట్లు. అవి దిగలేక రాజలింగానికి ఏడుపొచ్చింది. "థూ, నీ నౌకరీల మన్నువడ" అని తనను తానే తిట్టుకుని మళ్లీ ఫోన్ చేశాడు. "వస్తున్నాడయ్యా" అన్నాడాయన.

పన్నెండు. అంతా క్షేమం. పెన్ను మూసేసరికి షేరు కాళ్లు మడతపడి పక్కకు ఒరిగిపోయింది. ఎవరూ రాలేదు.

"చెల్లే, గీడనే నిలబడు" అని కుక్కను భుజానికెత్తుకుని మెట్లు దిగాడు.

తార్నాక సిగ్నల్ దగ్గర, మెడకు తగులుతున్న వెచ్చని ఊపిరి ఆగిపోయింది.

"ఏమైంది కాకా?" అన్నాడు ఆటోవాలా.

"ఏం లే. పోనియ్యి."

డాక్టర్ సుధామయి స్టెతస్కోపు తీసేసింది. "కడుపు మెలిపడిందండీ. నురగ కక్కినప్పుడే తెచ్చుంటే ఆపరేషన్‌కి టైముండేది."

"ఎరికే అమ్మా" అన్నాడు రాజలింగం.

సీతాఫల్‌మండి వైపు క్యాంపస్ ప్రహరీ పక్కన గుంత తీసి పూడ్చి, మూడు దాటాక వచ్చాడు. అతని కుర్చీలో వెంకటసుబ్బారావే కూర్చుని ఉన్నాడు.

"పైవాళ్లకి తెలియనివ్వలేదయ్యా. రిజిస్టర్‌లో ఖాళీలుంటే ఇద్దరం పోతాం. రాసెయ్యి."

తిట్టినా బాగుండేది. రాజలింగం పెన్ను తీసి ఒంటిగంట, రెండు, మూడు గంటల గడులన్నిటిలోనూ అవే మాటలు రాశాడు. అక్షరాలు పొద్దుటిలాగే కుదురుగా వచ్చాయి. దానికే తన మీద తనకు అసహ్యం వేసింది.

ఆయన వెళ్లాక కూర్చుని, అలవాటుగా కాళ్లు కదపకుండా పెట్టాడు. కుర్చీ కింద, పొద్దున నింపిన సత్తుగిన్నెలో నీళ్లు అంచుదాకా అలాగే ఉన్నాయి.